చూసి రాసిన వయసు

ఏఎన్ఎం ఉద్యోగంలో ముప్పై ఏడేళ్లు చేసి కిందటేడు దిగిపోయాను. దిగేనాడు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, నలుగురు మాట్లాడారు. ఎన్ని టీకాలు వేశానో, ఎన్ని కాన్పులు చేశానో చదివారు. నేను నిజంగా గర్వపడే పని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్ల తప్పు కాదు, అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అందుకే ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం నేనే కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్ ఎప్పుడు రావాల్సింది, ఎప్పుడు వచ్చింది, మధ్యలో ఎవరు అడ్డుపడ్డారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను కొంచెం నోటి దురుసు మనిషిని. ఈ నోటితో చాలామందికి మేలు చేశాను, ఇద్దరికి కీడు చేశాను. ఆ ఇద్దరి గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఏముందని మింగాలి

నేను చేరిన కొత్తలో మా పనంతా గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు. తర్వాత తర్వాత నడివయసు వాళ్లకు కూడా బీపీ, షుగర్ చూడమన్నారు. అదేం బ్రహ్మవిద్య, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టడమే కదా అనుకున్నాను.

గాలి కొట్టడం సులువే. తర్వాత ఇచ్చే గోళీ మింగించడం దగ్గరే నా తలప్రాణం తోకకొచ్చింది. గర్భిణికి ఐరన్ గోళీ ఇస్తే వాంతి వస్తున్నా ముక్కు మూసుకుని మింగుతుంది. ఆమె ముందు బిడ్డ ఉంది. నలభై అయిదేళ్ల మనిషికి బీపీ గోళీ ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. తన ముందు ఏముందని మింగాలి? పిల్లలు పెద్దయ్యారు, పెళ్లిళ్లు అయ్యాయి, ఇక మిగిలింది దిగుడే అని చాలామంది లోపల నమ్ముతారు. పైకి మాత్రం మర్చిపోయానంటారు.

అడవి వైపు గూడేల్లో ఒక రకం చూశాను, పాల్వంచ కంపెనీ కాలనీల్లో ఇంకో రకం చూశాను. వాళ్లు ముసలితనం వచ్చేసిందని గోళీ మానేస్తారు. వీళ్లు గోళీ వేసుకుంటే ముసలివాళ్లమని ఒప్పుకున్నట్టేనని మానేస్తారు. చివరికి రెండిళ్లలోనూ గోళీలు డబ్బాలోనే ఉంటాయి.

షిఫ్టు డ్యూటీ వెంకటేశ్వర్లు

పాల్వంచలో మూడేళ్లు పనిచేసినప్పుడు వెంకటేశ్వర్లు అని ఒక ఆపరేటర్ ఉండేవాడు. కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నలభై ఏడేళ్లు. మీసానికి రంగు, చేతికి కడియం, మాటకు ముందు నవ్వు. షుగర్ చూస్తే బాగా ఎక్కువగా ఉంది. డాక్టరు గోళీలు రాస్తే చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సిస్టరూ, గీ గోళీలు షురువు జేస్తే ముసలోళ్ల లైన్ల కలిసినట్టే. రిటైరైనంక చూస్కుందాం. నడక, పత్యం అన్నీ గప్పుడే" అన్నాడు.

నెలకోసారి అడిగేదాన్ని, నెలకోసారి నవ్వేవాడు. ఒకరోజు వాళ్లావిడ కూడా పక్కనుంది. "మీరన్నా గట్టిగ చెప్పుండ్రి సిస్టరూ" అని బతిమాలింది. నాకు విసుగొచ్చి, "మొక్కై వంగనిది మానై వంగుతదా అమ్మా? ఆయన మారడు, వదిలెయ్" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

నాలుగేళ్ల తర్వాత కాలి పుండు మానక ఆయనకు రెండు వేళ్లు తీసేశారు. చూడ్డానికి వెళ్లాను. నవ్వు అప్పటికీ ఉంది గానీ మాట మెత్తబడింది. "నువ్వు గా సామెత చెప్పినవ్ సూడు సిస్టరూ, నేను గది పట్టుకున్న. నర్సమ్మే నాతోని కాదంటాంది, ఇంకెందుకు తిప్పలు అనుకున్న" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆ మాట నాకు చెప్పుతో కొట్టినట్టయింది. ఆ సామెత పిల్లల పెంపకానికి పనికొస్తుందేమో గానీ మన ఉద్యోగానికి శత్రువు. నలభై ఏడేళ్ల వయసులో మారినవాళ్లను నేను తర్వాత ఎంతోమందిని చూశాను. చూడకముందే ఆయన్ను మానుల్లో కలిపేశాను. ఆ పాఠం అప్పుడే ఒంటబట్టి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. నేను రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది.

గుంపులో అరవై ఏళ్ల అవ్వ

పాల్వంచ నుంచి నన్ను మళ్లీ అడవి వైపు వేశారు. భద్రాచలం పోయే దారిలోంచి లోపలికి తిరిగి, ఒక వాగు దాటి, ఆఖరి రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక కోయ గూడెం. అక్కడి వాళ్లు దాన్ని గుంపు అంటారు. ముప్పై నలభై ఇళ్లు. ఇళ్లలో కోయ భాష, నాతో తెలుగు. వర్షాకాలం సేద్యం, ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు, మిగతా రోజులు కూలి. ఆశ కార్యకర్త కన్నమ్మ ఆ గుంపు ఆడబిడ్డే. ఆమె లేకపోతే అక్కడ నా మాట ఎవరూ వినేవారు కాదు.

ఎనిమిదేళ్ల కిందట బడి వరండాలో బీపీ క్యాంపు పెట్టాం. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన తంతు ఒకటుంది. అడవి ఊళ్లలో "వయసెంత?" అని అడిగితే, "ఏమో సిస్టరమ్మా, నువ్వే చూసి రాయి" అంటారు. మనం ముఖం చూస్తాం, జుట్టు చూస్తాం, చంకలో మనవడున్నాడా అని చూస్తాం, రాసేస్తాం. నాకు మా సీనియర్ నేర్పింది, ఆవిడకు వాళ్ల సీనియర్ నేర్పింది. వరసలో వందమంది ఉంటే ఇంకేం చేస్తాం అని సమర్థించుకునేవాళ్లం.

జోగమ్మ ఆ వరసలో వచ్చింది. సన్నటి మనిషి. ముందు జుట్టు నెరిసింది, పక్కపళ్లు రెండు లేవు, ఎండకు ముఖం ముడతలు పడింది, చంకలో మనవరాలు.

"అవ్వా, అరవై ఉంటయా?" అన్నాను.

"ఉంటయేమో" అని నవ్వింది.

రిజిస్టర్‌లోనూ, ఆమెకిచ్చే కార్డు మీదా అరవై అని రాశాను. పట్టీ చుట్టి చూస్తే బీపీ చాలా ఎక్కువ. పొద్దున లేస్తే తల బరువుగా ఉంటుందని, గుట్ట ఎక్కితే మోకాళ్లు లాగుతున్నాయని, బియ్యంలో రాళ్లు కనబడటం లేదని చెప్పింది. నేను పెన్ను మీద నుంచి తల ఎత్తకుండానే, "వయసు మీద పడ్డది గదా అవ్వా, గిట్లనే ఉంటది. ఈ గోళి రోజొకటి ఏస్కో, బరువులు ఎత్తకు" అన్నాను. ఒక చేత్తో గోళీ ఇచ్చి, అది ఎందుకు మింగాలో ఆ కారణాన్ని రెండో చేత్తో తీసేసుకున్నానని నాకప్పుడు తెలియలేదు.

ఆమె వెనకే మొగుడు ముత్తయ్య వచ్చాడు. నల్లటి జుట్టు, భుజం మీద గొడ్డలి. నలభై అయిదు రాశాను.

రిజిస్టర్ చదివిన డాక్టరు

మా పీహెచ్‌సీకి అప్పుడే ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. సత్తుపల్లి వైపు అబ్బాయి. మాట మెత్తన, చూపు చురుకు. నేను చూసిన డాక్టర్లలో రిజిస్టర్ల మీద సంతకం పెట్టేవాళ్లు చాలామంది, చదివేవాడు అతనొక్కడే.

సమీక్ష రోజున అందరి ముందూ నా పుస్తకం తెరిచాడు. "సిస్టర్ గారూ, మీ గుంపులో నలభై ఏడేళ్ల మనిషి ఒక్కరూ లేరా? అందరి వయసూ అయిదుతోనో సున్నాతోనో ఆగిపోయిందేంటండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను ఇంకో పేజీ తిప్పాడు. "ఈ ముత్తయ్య గారికి నలభై అయిదు, ఆయన భార్యకు అరవై. ఇదెక్కడి పెళ్లండీ?"

ఇక నవ్వు ఆగలేదు. నాకు ఒళ్లు మండింది. నా కొడుకు వయసు వాడు నాకు ఉద్యోగం నేర్పుతాడా అనిపించింది. "మీరు ఆ వాగు దాటి ఒక్కసారి రండి సార్, అప్పుడు తెలుస్తుంది" అన్నాను.

"తప్పకుండా వస్తాను. కానీ మీరు రాసిన అంకె చూసే కదా నేను వైద్యం చేసేది? నలభైల్లో ఉన్న మనిషికి ఇంత బీపీ ఉంటే ఎందుకొచ్చిందా అని కిడ్నీలు, గుండె అన్నీ వెతికిస్తాను. అరవై అని కనిపిస్తే గోళీ ఇచ్చి ఊరుకుంటాను. ఒకసారి మళ్లీ కనుక్కోండి" అన్నాడు.

మంచి మాటే చెప్పాడు. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముఖం చూస్తే నాకు తెలియదా అనుకున్నాను. అయిదు నెలలు ఆ గుంపుకు వెళ్లి కూడా ఆమెను మళ్లీ అడగలేదు. మంచి అధికారి దొరికినప్పుడు మన అహంకారం ఎంత నష్టం చేస్తుందో ఈ అయిదు నెలలు చెప్తాయి.

పోయి వచ్చిన చెయ్యి

ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుజామునే ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని చెట్ల కిందకు పోతారు. నేను టీకాల పని మీద వెళ్తే కన్నమ్మ మాటల్లో మాటగా, "జోగమ్మ ఈ యేడు పువ్వుకు వస్తలేదు సిస్టరమ్మా" అంది.

"ఏమైంది?"

"ముసల్దైంది గద. కోడలికి గంప ఇచ్చేసింది. రేల ఆటకు గూడ వస్తలేదు, ముందల ఉండి పాడేటిది. మొన్న పొద్దుగాల కుడి చెయ్యి లేవలేదంట, మాట గూడ మొద్దుగ వచ్చిందంట. గంటకు మల్ల మంచిగైంది. వయసు గదా, గట్లనే ఐతదని ఎవరు పట్టించుకోలే."

నా చేతిలో టీకా డబ్బా ఉంది. దాన్ని కన్నమ్మ చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో వెళ్లాను. చెయ్యి పోయి గంటలో తిరిగి రావడమంటే పక్షవాతం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవడం. రెండోసారి వస్తే లోపలికే వస్తుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ గుంపు మొత్తంలో నేనొక్కదాన్నే.

జోగమ్మ మంచం మీద కూర్చుని మనవరాలికి జుట్టు దువ్వుతోంది. బీపీ చూస్తే క్యాంపు నాటికంటే ఎక్కువుంది. గోళీల డబ్బా అడిగితే చూరులోంచి తీసి ఇచ్చింది. మూత కూడా తియ్యలేదు.

"ఎందుకు మింగలేదు అవ్వా?"

"ఎండిన చెట్టుకు నీళ్లెందుకు సిస్టరమ్మా? నువ్వే రాస్తివి గద అరవై అని. నా కొడుకు కార్డు సదివి చెప్పిండు. మా అమ్మ యాభైకే పోయిందంటరు. నేను ఎక్కువనే బతికిన."

ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు చెడు చెయ్యలేదు. కోడలు బిందె ఎత్తనివ్వడం లేదు. కొడుకు కూలికి వద్దన్నాడు. అందరూ ప్రేమగానే ఆమెను మంచం మీద కూర్చోబెట్టారు. ఆ మంచం వేసింది నేను.

"ఇప్పుడే భద్రాచలం పెద్ద దవాఖానకు పోదాం, నడువ్" అన్నాను.

"గోదారి దాటి నేను రాను. పోయేదుంటే ఈడనే పోత."

ముత్తయ్య చెప్పాడు, కొడుకు చెప్పాడు, కన్నమ్మ కోయలో ఏదో గట్టిగా చెప్పింది. జోగమ్మ దువ్వెన ఆపలేదు. బలవంతంగా ఎత్తుకుపోవడానికి ఆమె పసిపిల్ల కాదు. అప్పుడు నాకు ఆ డాక్టరు మాట గుర్తొచ్చింది. అయిదు నెలల కిందట అడగాల్సిన ప్రశ్న అడగడానికి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, గోదారికి పెద్ద వరద వచ్చింది సూడు, అప్పుడు నువ్వెంత ఉంటివి?"

దువ్వెన ఆగింది. "గా వరదనా? మా పిన్నమ్మోళ్ల ఊరు మునిగింది గద. ఆళ్లంత మా ఇంటికొచ్చిండ్రు. గా నెలనే నేను పెద్దమనిషినైన. ఇంట్ల సందు లేక దొడ్లె పందిరేసి కూసోబెట్టిండ్రు. వాన పడుతాంటే అంత నా మీద్నే కారింది" అని నవ్వింది.

ఆ వరద నాకు బాగా తెలుసు. అప్పుడు నేను ట్రైనింగ్‌లో ఉన్నాను. నీళ్లు తీసిన ఊళ్లకు క్లోరిన్ బిళ్లలు పంచడానికి మమ్మల్ని పంపారు. నాకు ఇరవై రెండేళ్లు. ఆ నెలలో పెద్దమనిషైన పిల్లకు పన్నెండో పదమూడో ఉంటాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. నమ్మబుద్ధి కాక మళ్లీ పెట్టాను. కొడుకు ఏ పంటకాలంలో పుట్టాడో, పెళ్లి ఎప్పుడైందో అడిగాను. ఎటు నుంచి పెట్టినా ఒకటే వచ్చింది. జోగమ్మకు నలభై నాలుగు. నాకంటే పదేళ్లు చిన్నది. పదిహేను రోజులకోసారి జుట్టుకు రంగేసుకునే యాభై నాలుగేళ్ల నేను, నలభై నాలుగేళ్ల ఆడదాన్ని అవ్వా అని పిలిచాను.

నాకు సిగ్గేసింది. కానీ దాచుకునే టైము లేదు.

"జోగమ్మా, నేను తప్పు రాసిన. నీకు అరవై లేవు. నలభై నాలుగే. నువ్వు నాకు చెల్లెవైతవ్" అన్నాను.

ముందుగా ముత్తయ్య నోరు తెరిచాడు. "అవ్! నేను గదే అనుకుంటాన. నాకన్న చిన్నపిల్లను గదా చేసుకున్న. సర్కారు కాయితం పెద్దదంటాంది, మనకేం తెలుసని గమ్మునున్న" అన్నాడు. కన్నమ్మ పకపకా నవ్వింది. జోగమ్మ నవ్వలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నిజంగనా? మా అమ్మ సచ్చిన ఈడు నాకింక రాలేదా?"

"రాలేదు."

"గట్లైతే ఇంకెన్ని ఏండ్లున్నయ్ నాకు?"

"గది రాసేటందుకు నేనెవర్ని? చానా ఉండొచ్చు. గా చెయ్యి మల్ల పడిపోతే మాత్రం మంచం మీద్నే ఉంటయ్."

జోగమ్మ మనవరాలిని దించి లేచింది. కొంగు బిగించింది. "నడువక్కా" అంది. అంతకుముందెప్పుడూ నన్ను అక్కా అనలేదు.

వాగు దాకా నడవనివ్వకుండా మంచం మీదే మోశారు. రోడ్డు మీద జీపు మాట్లాడి గోదారి వంతెన దాటాం. పెద్ద దవాఖానలో అన్ని పరీక్షలూ చేశారు. మెదడుకు రక్తం కాసేపు ఆగి మళ్లీ అందిందని, ఈసారికి గట్టెక్కిందని చెప్పారు. కిడ్నీలు బాగున్నాయి. రోజూ వేసుకోవాల్సిన గోళీలు రాసిచ్చారు. కళ్లకు దగ్గరి చూపు అద్దాలు సరిపోయాయి. బియ్యంలో రాళ్లు కనబడకపోవడానికి నేను వయసు కారణం చెప్పాను గానీ అద్దాలుంటాయని చెప్పలేదు చూశారా!

నా చేతికి పట్టీ

తిరిగొచ్చాక జరిగిందంతా డాక్టరుకు చెప్పాను. తిడతాడనుకున్నాను. "చెయ్యి ఇటివ్వండి సిస్టర్ గారూ" అని నా చేతికే పట్టీ చుట్టాడు. "మీది ఎప్పుడు చూసుకున్నారు?"

ఎప్పుడు చూసుకున్నానో నాకే గుర్తు లేదు. రోజుకు ముప్పై మంది చేతులు చూసేదాన్ని నా చెయ్యి చూసుకోలేదు. తీరిక లేక కాదు, భయం. చూస్తే ఉంటుంది, ఉంటే ఒప్పుకోవాలి. వెంకటేశ్వర్లు మీసానికి రంగు వేసుకుంటే నవ్వాను, నేను చేసిందీ అదే. బీపీ ఉండనే ఉంది.

అప్పటికి మేం ఖమ్మంలో ఖానాపురం హవేలికి మారాం. మా ఆయన అక్కడ, నేను వారం వారం రాకపోకలు. ఇంట్లో ఉన్న రోజుల్లో నాలుగు సందుల అవతల కూరగాయలకు కూడా స్కూటీ తీసేదాన్ని. గోళీ మొదలుపెట్టి, స్కూటీ ఆపి, పొద్దునే నడవడం మొదలుపెట్టాను. మొదటివారం మా వీధిలో ఒకాయన అరుగు మీద కూర్చుని, "ముసలోళ్లకు దసరా పండుగ" అన్నాడు. మా ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నేను, "పండుగ మీకు వద్దా మరి?" అన్నాను. ఆరు నెలలకు ఆ అరుగు మీదాయనా వచ్చి కలిశాడు, వాళ్లావిడ ఆయన కంటే ముందు నడుస్తోంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, మా వీధిలో బాగానే పండింది.

నేను నమ్మేది

పిల్లలూ, మంచి మనసుంటే బీపీ దిగుతుందని నేను చెప్పను. దిగదు. గోళీతో, ఉప్పు తగ్గించడంతో, నడకతో దిగుతుంది. జీవితం మీద ఆశ నిండుగా ఉన్నవాళ్లు పోవడం చూశాను, ఇరవై ఏళ్లు మంచం పట్టి మూలుగుతూ బతికినవాళ్లనూ చూశాను. కానీ గోళీ డబ్బాలోంచి నోట్లోకి రావాలంటే ఆ మనిషికి రేపటితో ఏదో పని ఉండాలి. అది నలభైల్లో, యాభైల్లో తేలిపోతుంది. ఆ వయసులో మనిషి తన గురించి ఏమనుకుంటాడో దాన్నిబట్టే నడుస్తాడు, తింటాడు, పరీక్షకు వస్తాడు, మానేస్తాడు.

అలాగని వాళ్లను నిందించకండి. నలభై నాలుగేళ్లకు జోగమ్మ ముఖం అలా ఎందుకుంది? నలుగురు పిల్లలు, సగం కడుపు తిండి, ఎండలో తునికాకు, నెత్తిన కట్టెల మోపు. ఆ ముఖం ఆమె పడ్డ కష్టం చెప్తే నేను దాన్ని వయసు అని చదివాను. ఇక వయసు కాబట్టి వైద్యం ఎందుకనే మాట నా నోట వచ్చింది, ఆమె మనసులోకి పోయింది. "నాదైపోయింది" అని ఎవరైనా అంటే ఆ మాట ఎవరు నేర్పారో ముందు వెతకండి. చాలాసార్లు మనమే నేర్పి ఉంటాం.

ఆ తర్వాత మూడు నెలలు పట్టింది నాకు, ఆ గుంపులో అందరి వయసులూ దిద్దడానికి. నువ్వు పుట్టాక ఊళ్లో పుట్టిందెవరు, నీ పెళ్లినాటికి బడి కట్టారా, వరదకు నువ్వు నడుస్తున్నావా చంకనున్నావా అని అడిగేదాన్ని. పైవాళ్లు టైము వేస్ట్ అన్నారు. ఆ కుర్ర డాక్టరు మాత్రం వాగు దాటి వచ్చి నా పక్కన కూర్చుని రాశాడు. అతనిప్పుడు ఎక్కడో పెద్ద డాక్టరు. నాకు అధికారి అంటే అతనే.

రెండు అలవాట్లు చేసుకున్నాను. "వయసు వల్ల" అనే మాట నోట్లోంచి తీసేశాను. గోళీ చేతిలో పెట్టే ముందు, "ఇంకా ఏం చెయ్యాలనుంది?" అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో వింతగా చూసేవాళ్లు. తర్వాత చెప్పేవాళ్లు. ఒకాయన చెరువు పక్క చెలక బాగు చెయ్యాలన్నాడు. ఒకామె సైకిలు నేర్చుకోవాలంది, యాభై ఒకటో ఏట నేర్చుకుంది కూడా. ఆ గుంపులో నేను దిగిపోయేనాటికి చూరులో గోళీ డబ్బాలు లేవు. వెలుతురు తగిలే చోట, దేవర గూటి పక్కన పెట్టుకున్నారు. జోగమ్మ తర్వాత ఇన్నేళ్లలో ఆ గుంపులో నా లిస్టులో ఉన్నవాళ్లెవరూ పక్షవాతంతో పడిపోలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

ఆఖరి క్యాంపు

ఉద్యోగం దిగే ముందు ఆఖరి క్యాంపుకు ఆ గుంపుకే వెళ్లాను. నా స్థానంలో వచ్చే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వరదను బట్టి వయసు లెక్కకట్టడం దారిలోనే చెప్పాను. చురుకైన పిల్ల, బీపీ మిషను, ట్యాబు అన్నీ చకచకా తెరిచింది. బడి వరండాలో వరస కట్టారు. జోగమ్మకిప్పుడు యాభై దాటాయి. కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పొద్దే ఇప్పపువ్వు ఏరి వచ్చి, వరసను సర్దుతోంది. మళ్లీ రేల ఆటలో ముందుండి పాడుతోందని కన్నమ్మ చెప్పింది.

వాగు అవతలి నుంచి వచ్చిన ఒకామె వంతు వచ్చింది. ఎవరో నాకు తెలియదు. వంగిన నడక, నెరిసిన జుట్టు, చేతిలో కర్ర. కొత్త పిల్ల ఆమె ముఖం వైపు ఒక్కసారి చూసి ట్యాబు మీద వేలు పెట్టింది. "అవ్వా, అరవై అయిదు వేస్తున్నా" అంది.

నేను నోరు తెరవబోయాను. అంతలోపే జోగమ్మ వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. కోపంగా కాదు, పసిపిల్ల చేతిని పొయ్యి దగ్గర ఆపినట్టు పట్టుకుంది.

"ముకం జూసి రాయకు బిడ్డా. నువ్వు ఏది రాస్తే గామె గదే ఐతది. అడుగు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను జోగమ్మ వైపు చూపించాను. ముప్పై ఏడేళ్ల ఉద్యోగంలో నేను నేర్పగలిగిందంతా ఆమె అప్పటికే చెప్పేసింది.

అమ్మాయి ట్యాబు పక్కన పెట్టి, కుర్చీ దిగి, ఆ కర్ర ఉన్నామె పక్కన అరుగు మీద కూర్చుంది. "అమ్మా, గోదారికి పెద్ద వరద వచ్చినప్పుడు మీరెంత ఉన్నారు?" అని అడిగింది.

ఆమె కర్ర పక్కన పెట్టింది. "గిది ఇన్నేండ్లల్ల ఎవరు అడగలేదు బిడ్డా. ఇట్ల జరుగు, చెప్త" అంది.